కాస్మిక్ కిరణాలు మన మబ్బుల్ని, మన ఎండల్ని మారుస్తున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా నాన్నకు అల్లూరు వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. వారంలో ఐదు రోజులు ఆకాశం గురించి పాఠం చెబుతాను, ఆదివారం గుంట గట్టు మీద నిలబడి అదే ఆకాశం వైపు భయంగా చూస్తాను. అందుకే మబ్బుల గురించిన ప్రశ్నలు నాకు రెండు వైపుల నుంచీ వస్తాయి. ఈ మధ్య అందరూ ఒకే మాట అడుగుతున్నారు: "భూమి వేడెక్కేది పొగ వల్ల కాదంట, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తగ్గి మబ్బులు తగ్గడం వల్లంట, నిజమేనా సార్?" క్లాసులో పిల్లలు అడిగారు, ఒంగోలులో బంధువులు అడిగారు, మేత దుకాణం దగ్గర రైతులూ అడిగారు. అవునో కాదో ఒక్క ముక్కలో చెబితే ఈ ప్రశ్నకు అన్యాయం జరుగుతుంది. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం చాలా అందంగా ఉంటుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

కాస్మిక్ కిరణాలంటే ఏమిటి? వెలుగు లాంటివా?

పేరులో కిరణం ఉంది గానీ ఇవి పదార్థపు తునకలు. నూటికి 90 దాకా ప్రోటాన్లు, మరో 9 హీలియం కేంద్రకాలు, మిగతా కొద్దీ బరువైన కేంద్రకాలు, ఎలక్ట్రాన్లు. మన పాలపుంతలో పెద్ద నక్షత్రాలు పేలిపోయినప్పుడు ఆ పేలుడు అలలు వీటిని కాంతి వేగానికి దగ్గరగా తరుముతాయి. పుస్తకాల్లో విశ్వకిరణాలు అని రాసేది వీటినే.

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్లు దాటి పైకి వెళ్లాడు. గాలిలోని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నేలలోంచి వచ్చే రేడియేషన్ వల్లే పుడతాయని అప్పటిదాకా అనుకునేవారు. అలాగైతే పైకి పోయేకొద్దీ అవి తగ్గాలి. హెస్ చూసేసరికి పెరిగాయి. ఏదో పైనుంచి వస్తోందని అలా తెలిసింది. 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ తునకలు వాతావరణంలోకి రాగానే గాలి అణువుల్ని ఢీకొంటాయి. పగిలిన ముక్కలు మళ్లీ ఇంకొన్నింటిని ఢీకొంటాయి. కింద మన దాకా చేరేవి ఎక్కువగా మ్యూవాన్లు అనే కణాలు. అరచెయ్యి ఆకాశం వైపు చాచి పెట్టండి. సెకనుకు ఒకటో రెండో మీ చేతిని దాటుకుని నేలలోకి పోతుంటాయి. ఇది చదువుతున్నప్పుడు కూడా పోతున్నాయి.

నెల్లూరు, ఒంగోలు మీద అందరి మీద పడినంతే పడతాయా?

తక్కువ పడతాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఈ తునకల్ని పక్కకు తోసేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ కాపు పలచన, అయస్కాంత మధ్యరేఖ దగ్గర గట్టి. ఆ రేఖ తమిళనాడు దక్షిణపు కొస మీదుగా పోతుంది, మనం దానికి దగ్గర్లో ఉన్నాం. బలం తక్కువున్న తునకలు మన దాకా రాలేవు, బాగా శక్తి ఉన్నవే దూసుకొస్తాయి.

ఇంకో సంగతి. సూర్యుడి నుంచి వీచే సౌరగాలి, అంటే ఆవేశం ఉన్న కణాల ధార, కూడా వీటిని అడ్డుకుంటుంది. 11 ఏళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగినప్పుడు కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, మచ్చలు తగ్గినప్పుడు పెరుగుతాయి. ధ్రువాల వైపు కొలిస్తే ఈ హెచ్చుతగ్గు 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. మన వైపు కొద్ది శాతమే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మబ్బులతో వీటికి సంబంధం ఉందని ఎవరన్నారు?

1959లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ నే మొదట ఈ ఊహ చేశాడు. సూర్యుడి మచ్చలతో పాటు వాతావరణంలో బాగా మారేది గాలిలోని అయాన్ల సంఖ్య కాబట్టి, సూర్యుడు వాతావరణాన్ని ప్రభావితం చేసే దారి అదేనేమో అన్నాడు.

దాన్ని లోకమంతా చర్చించేలా చేసింది డెన్మార్క్ శాస్త్రవేత్తలు హెన్రిక్ స్వెన్స్‌మార్క్, ఐగిల్ ఫ్రీస్-క్రిస్టెన్సెన్. 1997లో వాళ్లు ఉపగ్రహాలు తీసిన మబ్బుల లెక్కను కాస్మిక్ కిరణాల లెక్క పక్కన పెట్టి చూపించారు. రెండూ కలిసి పైకీ కిందికీ పోతున్నాయి. కిరణాలు ఎక్కువున్నప్పుడు మబ్బులు 3, 4 శాతం ఎక్కువున్నాయి. వాళ్ల వాదన ఇది: సూర్యుడు చురుగ్గా ఉంటే కిరణాలు తగ్గుతాయి, కిరణాలు తగ్గితే మబ్బులు తగ్గుతాయి, మబ్బుల నీడ తగ్గితే భూమి వేడెక్కుతుంది.

ఎంత పొందికైన వాదనో చూడండి. కాస్మిక్ కిరణాలు మోసుకొచ్చే శక్తి సూర్యరశ్మిలో దాదాపు వంద కోట్లో వంతు. అంత చిన్నది నేరుగా భూమిని వేడి చేయలేదు. కానీ మబ్బు అనే పెద్ద తలుపును కదిపే గొళ్లెం అదే అయితే, చిన్న శక్తి చాలు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నిజమై ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

అసలు మబ్బు ఎలా పుడుతుంది? ఆవిరి చల్లబడితే చాలదా?

చాలదు. ఐసు నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పడుతుంది కదా, అక్కడ ఆవిరికి గ్లాసు గోడ దొరికింది. ఆకాశంలో గోడ లేదు. అందుకే ప్రతి మబ్బు చుక్క లోపలా ఒక గింజ ఉంటుంది: ఉప్పు రేణువు, పొగ రేణువు, గంధకపు ఆమ్లం నుంచి తయారైన నలుసు, సన్నని దుమ్ము. ఆవిరి దాని మీద పట్టి చుక్క అవుతుంది. వీటిని మబ్బు గింజలు అందాం.

గింజ ఎంత ఉండాలన్నది ముఖ్యం. దాదాపు 50 నుంచి 100 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) ఉంటేనే నీరు దాని మీద నిలుస్తుంది. అంతకన్నా బాగా చిన్నదైతే పట్టిన నీరు పట్టినట్టే ఆవిరైపోతుంది. మబ్బు చుక్క మిల్లీమీటరులో వందో వంతు. అలాంటివి ఏ పది లక్షలో కలిస్తే ఒక వాన చినుకు.

మా వైపు గింజలకు కొదవ లేదు. సముద్రం మీద అల విరిగి నురగ కడుతుంది, నురగలో బుడగ పగిలి ఉప్పునీటి తుంపర గాలిలో కలుస్తుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. మైపాడు ఒడ్డున అరగంట నిలబడి కళ్లజోడు తీసి చూడండి, అద్దం మీద సన్నగా తెల్లటి పొర పట్టి ఉంటుంది. అందులోని అతి సన్న రేణువులే పైకి పోయి మబ్బు గింజలవుతాయి. దానికి తోడు కృష్ణపట్నం వైపు థర్మల్ ప్లాంట్లలో కాల్చే బొగ్గు, రోడ్డు మీద లారీలు, కోతలయ్యాక తగలబెట్టే గడ్డి. గాలి నిండా గింజలే.

మరి కాస్మిక్ కిరణం అందులో చేసే పనేమిటి?

గింజలు రెండు రకాలుగా వస్తాయి. ఉప్పు, దుమ్ము లాంటివి తయారైన గింజలుగానే గాలిలోకి ఎగురుతాయి. రెండో రకం గాలిలోనే కొత్తగా పుడుతుంది: గంధకపు ఆమ్లం, అమ్మోనియా, చెట్లు వదిలే సువాసన ఆవిర్లు, వీటి అణువులు కొన్ని ఒకచోట చేరి 1, 2 నానోమీటర్ల గుంపు కడతాయి. ఆ గుంపు చాలా బలహీనం, విడిపోవడానికే చూస్తుంది. కాస్మిక్ కిరణం గాలిలో వదిలిపోయిన అయాన్ ఆ గుంపులో చేరితే, దాని విద్యుదావేశం మిగతా అణువుల్ని పట్టి ఉంచుతుంది. గుంపు నిలబడుతుంది. నేను పైన చెప్పిన సగం నిజం ఇదే. దీన్ని ప్రయోగశాలలో చూశారు, ఇందులో అనుమానం లేదు.

క్లౌడ్ చాంబర్‌లో కిరణం పోయిన దారి వెంట మబ్బు గీత పడుతుంది కదా సార్. ఆకాశంలో ఎందుకు పడదు?

ఈ ప్రశ్న ఒక సెకండియర్ అమ్మాయి అడిగింది. నాకు ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే మంచి ప్రశ్న.

ఒక ఏడాది సైన్స్ డేకి మేం క్లౌడ్ చాంబర్ చేశాం. చెన్నై నుంచి థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ తెప్పించాం. గాజు చేపల తొట్టి బోర్లించి, అడుగున నల్ల రంగు వేసిన రేకు, పైన స్పిరిట్‌లో తడిపిన ఫెల్టు గుడ్డ. లైట్లు ఆర్పి పక్క నుంచి టార్చి వేశాం. పది నిమిషాలు ఏమీ కనబడలేదు, నాకు టెన్షన్ మొదలైంది. తర్వాత రేకు మీద సన్నని తెల్లటి దారం ఒకటి సర్రున గీసుకుని, రెండు సెకన్లలో కరిగిపోయింది. మళ్లీ ఒకటి. ఇంకోటి అడ్డంగా. ఎక్కడో నక్షత్రం పేలిన దాని జాడ కావలిలో ఒక రేకుల గదిలో కనిపించిందంటే పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

స్కాట్లండ్ శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ బెన్ నెవిస్ కొండ మీద మబ్బుల్ని చూసి ముచ్చటపడి, వాటిని గాజు పాత్రలో పుట్టించబోయి ఈ పరికరం కనిపెట్టాడు. 1927లో నోబెల్ అందుకున్నాడు.

ఇక జవాబు. ఆ తొట్టిలో ఆవిరి పట్టగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు కుక్కి ఉంటుంది, పైగా గింజలుండవు. అందుకే ఒట్టి అయాన్ దొరికినా ఆవిరి దాన్ని పట్టుకుని చుక్కవుతుంది. బయటి ఆకాశంలో ఆవిరి పట్టగలిగిన దాన్ని దాటడం మహా అయితే ఒక శాతం. ఆ ఒక శాతం దాటేలోపే ఉప్పు, పొగ గింజలు దాన్ని లాగేసుకుంటాయి. ఒట్టి అయాన్ మీద చుక్క పుట్టే అవసరమే రాదు. తొట్టిలో నిజమైనది ఆకాశంలోనూ నిజం కావాలంటే ఆకాశం ఆ తొట్టిలా ఉండాలి.

సెర్న్‌లో దీని మీద పెద్ద ప్రయోగం జరిగిందంటారు. ఏం తేలింది?

జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్‌లో, జాస్పర్ కర్క్‌బీ నాయకత్వంలో క్లౌడ్ అనే ప్రయోగం 2009 నుంచి నడుస్తోంది. 3 మీటర్ల వెడల్పు, 26 ఘనమీటర్ల స్టీలు గది. అందులో మలినం లేని గాలి నింపి, కావలసిన ఆవిర్లు చిటికెడు చిటికెడుగా కలుపుతారు. ప్రోటాన్ సింక్రోట్రాన్ అనే యంత్రం నుంచి కణాల ధార పంపిస్తే అదే కాస్మిక్ కిరణం. గదిలో గట్టి విద్యుత్ క్షేత్రం పెట్టి అయాన్లన్నిటినీ ఊడ్చేసి, కిరణాలు అసలు లేని ఆకాశాన్ని కూడా తయారు చేయగలరు. బయటి ఆకాశంలో కుదరని పోలిక అది.

2011లో మొదటి ఫలితాలు వచ్చాయి. అయాన్లుంటే కొత్త గుంపులు పుట్టే వేగం 2 నుంచి 10 రెట్లు పెరుగుతోంది. ఆ రోజుల్లో చాలా పత్రికలు దాన్ని స్వెన్స్‌మార్క్ గెలిచినట్టే రాశాయి. అదే ఫలితాల్లో ఉన్న ఇంకో మాట ఎక్కువమంది చదవలేదు: నేలకు దగ్గరగా నిజంగా కనిపించే వేగంలో గంధకపు ఆమ్లం, అమ్మోనియా, అయాన్లు మూడూ కలిసినా కొద్ది వంతే పుట్టించగలుగుతున్నాయి. మిగతా పని ఎవరు చేస్తున్నారో తర్వాతి ఏళ్లలో వెతికారు. పశువుల కొట్టాల్లో, చేపలు కుళ్లిన చోట వాసన వేసే అమీన్లు, చెట్ల ఆవిర్లు ఆ పని చేస్తున్నాయని తేలింది.

2016లో ఈ కొలతలన్నిటినీ భూగోళమంతటి నమూనాలో పెట్టి లెక్క కట్టారు. గాలిలో కొత్తగా పుట్టే గుంపుల్లో దాదాపు మూడో వంతుకు అయాన్ల చెయ్యి ఉంది. కానీ 11 ఏళ్ల చక్రంలో కాస్మిక్ కిరణాలు తగ్గినా పెరిగినా, ఎదిగి మబ్బు గింజలయ్యే వాటి సంఖ్య మారేది అతి స్వల్పం. అంతకుముందే 2009లో జెఫ్రీ పియర్స్, పీటర్ ఆడమ్స్ వేసిన లెక్కలోనూ, చెబుతున్న ప్రభావానికి కావలసిన దానికన్నా వంద రెట్లు తక్కువ వచ్చింది.

పుట్టేవి ఎక్కువైతే ఎదిగేవీ ఎక్కువవ్వాలి కదా. అదెందుకు జరగదు?

రొయ్యల రైతుకు ఇది నాకన్నా బాగా తెలుసు. గుంటలో సీడు (రొయ్య పిల్లలు) రెట్టింపు వేసి మేత అంతే వేస్తే ఏమవుతుంది? రొయ్య ఎదగదు. 40 కౌంటు (కిలోకు 40 రొయ్యలు) రావలసింది 100 కౌంటు దగ్గరే ఆగిపోతుంది. సగం పిల్లలు మధ్యలోనే పోతాయి.

గాలిలోనూ అంతే. 1 నానోమీటరు గుంపు 50, 100 నానోమీటర్ల గింజ కావాలంటే పరిమాణంలో లక్ష రెట్లకు పైగా పెరగాలి. దానికి కావలసిన మేత ఆవిర్లే. కాస్మిక్ కిరణాలు గుంపుల సంఖ్యను పెంచుతాయి గానీ మేతను పెంచవు. ఉన్న ఆవిరిని ఎక్కువమంది పంచుకుంటారు, ఒక్కొక్కటి నిదానంగా పెరుగుతుంది. నిదానంగా పెరిగేలోపు పెద్ద ఉప్పు రేణువుకో పొగ రేణువుకో తగులుకుని అందులో కలిసిపోతుంది. మా తీరం లాంటి చోట పెద్ద రేణువులే ఎక్కువ కాబట్టి చిన్నవి బతికేది ఇంకా తక్కువ.

1997 గ్రాఫు అంత బాగా కలిసింది కదా, ఆ తర్వాత ఏమైంది?

1990ల మధ్య దాటాక రెండు గీతలూ విడిపోయాయి. మొత్తం మబ్బులతో కుదరకపోతే 2000లో కింది మబ్బులతో మాత్రమే కుదురుతుందన్నారు. అదీ కొన్నేళ్లకే తప్పింది. ఉపగ్రహం మారినప్పుడల్లా కొలతలో వచ్చే తేడాలు కూడా ఆ గీతల్లో కలిసి ఉన్నాయని ఆ లెక్కలు చూసేవాళ్లు చెప్పారు.

పైన గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇప్పుడు కావాలి. కిరణాలే మబ్బుల్ని ఆడిస్తుంటే, కిరణాల మార్పు ఎక్కువగా ఉండే ధ్రువాల వైపు మబ్బుల మార్పు ఎక్కువగా, మధ్యరేఖ దగ్గర తక్కువగా కనబడాలి. 2008లో బ్రిటన్ శాస్త్రవేత్తలు టెర్రీ స్లోన్, ఆర్నాల్డ్ వుల్ఫెండేల్ సరిగ్గా ఇదే వెతికారు. ఆ తేడా కనబడలేదు.

ఇంకో పరీక్ష ఉంది. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగి అక్కడి నుంచి ఎగిసిన కణాల మేఘం భూమిని దాటేటప్పుడు కాస్మిక్ కిరణాలు కొన్ని గంటల్లోనే ధబ్బున పడిపోతాయి, కొన్ని రోజులకు మళ్లీ కోలుకుంటాయి. స్కాట్ ఫోర్‌బుష్ 1930ల్లో గమనించాడు కాబట్టి దాన్ని ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. అప్పుడు మబ్బులు కూడా పలచబడాలి. పడ్డాయని 2009లో స్వెన్స్‌మార్క్ బృందం రాసింది. అదే పని మళ్లీ చేసి చూసిన వేరే బృందాలకు అలాంటి జాడ దొరకలేదు.

ఇస్రో మాజీ చైర్మన్ యు.ఆర్. రావు గారు కూడా ఇదే చెప్పారంటారు. ఆయన కన్నా మీకు ఎక్కువ తెలుసా?

తెలియదు. ఆయన విక్రమ్ సారాభాయ్ దగ్గర కాస్మిక్ కిరణాల మీదే పరిశోధన చేసిన మనిషి. ఆర్యభట్ట ఉపగ్రహం తయారు చేయించిన మనిషి. మా జిల్లా వాళ్లం శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుంటే మిద్దెలెక్కి చూసి మురిసిపోతామంటే అందులో ఆయన కష్టం ఉంది. 2011లో ఆయన కరెంట్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, 150 ఏళ్లలో కాస్మిక్ కిరణాలు 9 శాతం తగ్గాయని, దానివల్ల పెరిగిన వేడి కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగిన దానిలో 60 శాతం దాకా ఉంటుందని లెక్క వేశారు.

ఆ లెక్క మొత్తం ఒక మెట్టు మీద నిలబడి ఉంది: కిరణాలు తగ్గితే కింది మబ్బులు అదే దామాషాలో తగ్గుతాయన్న మెట్టు. ఆ మెట్టు సెర్న్ కొలతలతో, మబ్బుల పరిశీలనలతో నిలవలేదు. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. లెక్క వేసి అందరి ముందూ పెట్టారు కాబట్టే ఏ మెట్టు దగ్గర ఆగాలో అందరికీ కనబడింది.

ఎండలు పెరగడానికి సూర్యుడే కారణం అని ఎందుకు అనుకోకూడదు?

అనుకుని చూద్దాం. కాస్మిక్ కిరణాలను పరికరాలతో విడవకుండా కొలవడం 1950ల నుంచి జరుగుతోంది. 11 ఏళ్ల హెచ్చుతగ్గులు పక్కన పెడితే, అవి ఏటేటా తగ్గుతూ పోయిన జాడ లేదు. 1980ల తర్వాత సూర్యుడు కాస్త మందగించాడు కూడా. 2009లో సూర్యుడి మీద మచ్చలు దాదాపు లేవు, అంతరిక్ష యుగంలో అప్పటిదాకా లేనంత ఎక్కువగా కాస్మిక్ కిరణాలు వచ్చాయి. సిద్ధాంతం ప్రకారం మబ్బులు దట్టమై భూమి చల్లబడాలి. జరిగింది తిరకాసు: 2024 ముగిసేనాటికి, 2015 నుంచి 2024 దాకా పదేళ్లూ కొలతల చరిత్రలోనే అత్యంత వేడి పదేళ్లు, వాటిలో 2024 అన్నిటికన్నా వేడి.

ఇంకో గుర్తు కూడా ఉంది. వేడి సూర్యుడి నుంచే పెరిగితే పై వాతావరణం కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కింద దుప్పటి మందమైతే అలా జరుగుతుంది. ఆ దుప్పటి కార్బన్ డయాక్సైడ్: పరిశ్రమలు రాకముందు పది లక్షల్లో 280 భాగాలు, ఇప్పుడు 420 దాటింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక 1750 నుంచి 2019 దాకా వేడి పెరగడంలో కాస్మిక్ కిరణాల వాటా లెక్కలోకి రానంత తక్కువని తేల్చింది.

పాతకాలంలో కిరణాలు బాగా పెరిగిన సందర్భం ఉందా? అప్పుడేమైంది?

ఉంది. దాదాపు 41,000 ఏళ్ల కింద భూమి అయస్కాంత క్షేత్రం బాగా బలహీనపడిపోయింది. దాన్ని లషాంప్ ఘట్టం అంటారు. కాపు పోయింది కాబట్టి కాస్మిక్ కిరణాలు కుమ్మరించాయి. అవి గాలిలో పుట్టించే బెరీలియం-10 గ్రీన్లాండ్ మంచు పొరల్లో ఆ కాలానికి సరిగ్గా ఎక్కువగా దొరుకుతుంది. అదే మంచులో అప్పటి వేడి, చలి లెక్క కూడా దాగి ఉంటుంది. బెరీలియం పెరిగిన చోట చలి పెరిగిన గుర్తు విడిగా ఏమీ లేదు.

మబ్బు ఉంటే చల్లదనమే కదా?

ఏ మబ్బు, ఎప్పుడు అన్నదాన్ని బట్టి. కింద దట్టంగా ఉండే మబ్బు పగటి ఎండను తిప్పి పంపుతుంది, చల్లబరుస్తుంది. బాగా పైన దూదిపింజల్లా ఉండేవి ఎండను వదిలేసి నేల వేడిని పట్టేస్తాయి. మే నెలలో మిద్దె మీద పడుకునే వాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. చుక్కలు కనబడే రాత్రి తెల్లారుజాముకు దుప్పటి కావాలి. మబ్బు కమ్మిన రాత్రి ఒకటే ఉక్క. భూమి మొత్తం మీద కూడితే మబ్బులు చల్లబరిచేదే ఎక్కువ.

"ఏంది అబ్బయా, కనిగిరి వైపు మబ్బు వస్తది, పోతది, వాన పడదు. ఈ కిరణాల పనేనా?"

కాదు పెద్దాయనా. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల గోడు చాలా పాతది, దాని కారణాలు నేల మీదే ఉన్నాయి. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తెచ్చిన తడి పడమటి కనుమల మీదే చాలావరకు దించేస్తుంది. మన దాకా వచ్చేసరికి అది ఎండిన గాలి. ఇక బంగాళాఖాతం నుంచి అక్టోబరులో వచ్చే ఈశాన్య గాలి తీరాన్ని బాగా తడుపుతుంది, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే. రెండు రుతుపవనాలకూ చివర్న పడ్డవాళ్లు కనిగిరి, పామూరు రైతులు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఉత్తర కార్తెకు కూడా చినుకు రాకపోతే ఇక గంప నెత్తిన పెట్టుకుని వలస పోవడమే.

ఏడాదికీ ఏడాదికీ తేడా తెచ్చే పెద్ద కారణం పసిఫిక్ సముద్రంలో ఉంది. అక్కడ నీళ్లు వేడెక్కే ఎల్‌నినో ఏడాది నైరుతి తరచుగా నీరసిస్తుంది, ఈశాన్యం మాత్రం తీరం మీద చెలరేగుతుంది. 2015 అలాంటి ఏడాదే: వానాకాలంలో మెట్ట రైతు ఆకాశం చూసి అలసిపోతే, నవంబరులో నెల్లూరు నీట మునిగింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను కూడా ఎల్‌నినో ఏడాదే వచ్చింది. వీటి మీద ఇంకో బరువు పడుతోంది. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. వాన లేని రోజులు నేలను ఎక్కువ పీలుస్తాయి, వాన పడ్డ రోజు ఒకేసారి కుమ్మరిస్తుంది.

ఎండకూ వానకూ కారణం కాస్మిక్ కిరణాలేనని ఎవరైనా అంటే నాకు బాధ కలిగేది ఇందుకే. నక్షత్రాల మీద తోసేస్తే అడగాల్సిన ప్రశ్నలు అడగడం మానేస్తాం: చెరువు పూడిక ఎందుకు తీయలేదు, వెలిగొండ ప్రాజెక్టు ఎందుకు ఇంత ఆలస్యమైంది, బొగ్గు కాల్చడం ఎప్పుడు తగ్గుతుంది.

పిడుగులకైనా సంబంధం ఉందా?

పిడుగు మొదలవడానికి కిరణాలు తోడ్పడతాయేమోనని పరిశోధన నడుస్తోంది. మనవాళ్లు దాన్ని తిరగేసి వాడుకున్నారు. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గ్రేప్స్-3 కేంద్రంలో పెద్ద మ్యూవాన్ టెలిస్కోపు ఉంది. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు దాని మీదుగా పోయినప్పుడు మ్యూవాన్లు కొద్దిగా తగ్గాయి. ఆ తగ్గుదలను బట్టి మబ్బులో 130 కోట్ల వోల్టుల తేడా ఉందని లెక్కగట్టారు. మబ్బులోపల అంత విద్యుత్తు ఉంటుందని అప్పటిదాకా ఎవరూ కొలవలేదు.

"రాత్రి 12.30 నుంచి 3.30 దాకా కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోన్లు ఆపేయండి" అని వాట్సాప్‌లో వచ్చింది. ఆపాలా?

అక్కర్లేదు. ఏళ్ల తరబడి తిరుగుతున్న అబద్ధం అది. ఆ కిరణాలు పగలూ రాత్రీ ఒకేలా వస్తూనే ఉంటాయి, ఫోను ఆపినా ఆపకపోయినా వాటికి తేడా లేదు. పంపినవాళ్లను తిట్టకండి, పిల్లల మీద ప్రేమతో పంపి ఉంటారు. నెమ్మదిగా చెప్పండి.

శ్రీహరికోట నుంచి పోయినవాటిలో దీనికి పనికొచ్చేవి ఉన్నాయా?

2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 సౌరగాలినే కొలుస్తోంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు నిలబడి ఉంది. కాస్మిక్ కిరణాల్ని అడ్డుకునే తెర ఎప్పుడు మందమవుతుందో, ఎప్పుడు పలచబడుతుందో అక్కడి నుంచి ముందే తెలుస్తుంది.

అయితే ఇక ఇందులో తేలాల్సింది ఏమీ లేదా?

ఉంది. మబ్బు అంచుల్లో చేరే విద్యుదావేశం చుక్కలు ఒకదానితో ఒకటి కలవడాన్ని మారుస్తుందా అన్నది ఇంకా పరిశీలిస్తున్నారు. పరిశ్రమల పొగ లేని పాతకాలపు గాలిలో అయాన్ల పాత్ర ఇప్పటికన్నా ఎక్కువగా ఉండి ఉండాలని సెర్న్ ఫలితాలే సూచించాయి. చెట్ల ఆవిర్ల నుంచి గుంపులు పుట్టేటప్పుడు అయాన్లు ఆ వేగాన్ని 10 నుంచి 100 రెట్లు పెంచడం 2016లో చూశారు. ఆనాటి ఆకాశం ఎంత మబ్బుగా ఉండేదో సరిగ్గా తెలిస్తే, ఇప్పుడు మన పొగ మబ్బుల్ని ఎంత మార్చిందో ఇంకా ఖచ్చితంగా లెక్క కట్టొచ్చు. స్వెన్స్‌మార్క్ ప్రశ్న వేయకపోతే ఆ స్టీలు గది కట్టేవాళ్లే కాదేమో.

మబ్బు పట్టిన రోజు మా రొయ్యల గుంట సంగతి చెప్పండి సార్, అది చాలు.

ఎండ లేకపోతే నీటిలోని పచ్చటి నాచు కణాలు ఆక్సిజన్ తయారు చేయవు. రాత్రి మాత్రం రొయ్యతో పాటు అవీ ఆక్సిజన్ పీలుస్తాయి. రెండు రోజులు వరుసగా ముసురు పడితే తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. మేత సగానికి తగ్గించండి. నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు సాయంత్రం నుంచే తిప్పండి. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చీకటి పడకముందే చూసుకోండి. మా నాన్న అలాంటి రాత్రుల్లో 3 గంటలకు లేచి, టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతాడు. అంచుల దగ్గర రొయ్య పైకి తేలి మీసాలు కదుపుతోందా అని నీళ్ల మీద వెలుగు వేసి చూస్తాడు. తేలకపోతే వచ్చి మళ్లీ పడుకుంటాడు.